ఎండాకాలంలో సోల్డర్ పేస్ట్ ప్రింటింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

(సోల్డర్ పేస్ట్ అంటే సన్నటి సోల్డర్ రేణువులు, లోహాన్ని శుభ్రం చేసే ఫ్లక్స్ కలిసిన ముద్ద. రంధ్రాలు కోసిన పల్చటి రేకును, అంటే స్టెన్సిల్‌ను, బోర్డు మీద పెట్టి స్క్వీజీ అనే బ్లేడుతో పేస్ట్‌ను లాగితే అది ప్యాడ్ల మీద, అంటే పార్టులు అతికే లోహపు మచ్చల మీద, పడుతుంది. తర్వాత పార్టులు పెట్టి ఓవెన్‌లో కరిగిస్తారు.)

ప్రశ్న: బోరు మోటార్ల మొబైల్ స్టార్టర్ బోర్డులు తయారు చేస్తాం. మాది చేతితో లాగే స్టెన్సిల్ ప్రింటర్. పొద్దున ప్రింట్ మంచిగ వస్తుంది. పదకొండు దాటిందంటే 0.5 మి.మీ. పిచ్ (కాలికీ కాలికీ దూరం) ఐసీ కాళ్ల మధ్య షార్టులు మొదలు. పేస్ట్ బ్రాండ్ మార్చినా ఫాయిదా లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: పొద్దున బాగుండి మధ్యాహ్నానికి చెడుతోందంటే తప్పు స్టెన్సిల్ కోతది కాకపోవచ్చు. అయితే ఎండకు పేస్ట్ జారుతోంది, లేదంటే స్టెన్సిల్ అడుగున పేస్ట్ పేరుకుంటోంది. ఈ రెండింటికీ మందు వేరు. ఓవెన్‌లోంచి వచ్చిన షార్టును చూసి ఏది కారణమో చెప్పలేం, అందుకే ఓవెన్‌కు ముందే పట్టుకోవాలి.

పదకొండు తర్వాత ఒక బోర్డు ప్రింట్ చేసి, పార్టులు పెట్టకుండా, వెంటనే పది రెట్ల భూతద్దంలో చూడండి. ప్యాడ్ మీద పేస్ట్ కోసిన జున్ను ముక్కలా నిటారు అంచులతో ఉండాలి. అలాగే ఉంటే బోర్డును ఇరవై నిమిషాలు బల్ల మీద వదిలి మళ్లీ చూడండి. అప్పటికి అంచులు కుంగి పక్క ప్యాడ్ వైపు పాకితే అది వేడి పని. ప్రింట్ తీసిన క్షణంలోనే ప్యాడ్ల మధ్య మరక కనిపిస్తే అది అడుగు మురికి, లేదా బోర్డుకూ స్టెన్సిల్‌కూ మధ్య సందు.

వేడికి ఫ్లక్స్ పలచబడుతుంది. గదిని 22 నుంచి 26 డిగ్రీల మధ్య, తేమను 40 నుంచి 60 శాతం మధ్య ఉంచాలి. నల్లగొండ ఎండలకు చాలామంది నీళ్ల కూలర్ పెడతారు. ప్రింటింగ్ గదిలో మాత్రం అది వద్దు. పేస్ట్ తేమను పీల్చుకుని ఓవెన్‌లో చిటపటమని చిమ్ముతుంది, చుట్టూ సోల్డర్ గుండ్లు పడతాయి. ఫ్యాన్ గాలి నేరుగా తగిలితే పేస్ట్ ఎండిపోతుంది. చిన్న గదికి ఏసీ పెట్టుకోక తప్పదు.

అడుగు మురికి అయితే స్టెన్సిల్ ఎత్తి ఏ మూల మరక ఉందో చూడండి. ఎప్పుడూ ఒకే చోట ఉంటే అక్కడ బోర్డు కింద ఆధారం లేదు, లేదా ఎండిన పేస్ట్ పలుకేదో స్టెన్సిల్‌ను ఎత్తిపడుతోంది. 0.8 మి.మీ. బోర్డయితే నడుమ కుంగుతుంది, సపోర్ట్ పిన్నులు పెంచండి. ప్రతి ఐదు బోర్డులకు నూగు రాలని పొడి గుడ్డతో అడుగు తుడవండి. పది, పదిహేను బోర్డులకోసారి ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కొద్దిగా తడిపిన గుడ్డ, ఆ వెంటనే పొడి గుడ్డ. తడి మిగిలితే ఐపీఏ పేస్ట్‌లో కలిసి దాన్ని పాడుచేస్తుంది.

చెయ్యి బరువు కూడా చూసుకోండి. 60 డిగ్రీల కోణంలో పట్టిన స్టీల్ స్క్వీజీకి ప్రతి 25 మి.మీ. పొడవుకు అరకిలో ఒత్తిడి చాలు. అంటే 300 మి.మీ. బ్లేడుకు ఆరు కిలోలు. స్టెన్సిల్ మీద పేస్ట్ పొర మిగలని చోటికి వచ్చామంటే సరిపోయినట్టే. అంతకు మించి అదిమితే పేస్ట్ అడుగుకు కారుతుంది.

ప్రశ్న: చిన్న బీజీఏ (కాళ్లకు బదులు అడుగున సోల్డర్ గుండ్లుండే ఐసీ) కింద కొన్ని ప్యాడ్లకు పేస్ట్ అసలు పడటం లేదు. రంధ్రాలు 0.25 మి.మీ. గుండ్రనివి, స్టెన్సిల్ మందం 0.15. పెద్ద కనెక్టర్లకు పేస్ట్ కావాలని మందం తీసుకున్నాం.
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: లెక్క చూడండి. రంధ్రం వైశాల్యాన్ని దాని గోడల వైశాల్యంతో భాగిస్తే కనీసం 0.66 రావాలి. గుండ్రం, చతురస్రం రెండింటికీ వెడల్పును మందానికి నాలుగు రెట్లతో భాగిస్తే చాలు. మీది 0.25ను 0.60తో భాగిస్తే 0.42. పేస్ట్ ప్యాడ్‌కు అంటుకోకుండా గోడలకే అంటుకుపోతుంది. ఎంత తుడిచినా లాభం లేదు, స్టెన్సిల్ మార్చాల్సిందే.

0.10 మందం తీసుకుంటే 0.62 వస్తుంది, ఇంకా తక్కువే. మూలలు గుండ్రం చేసిన 0.28 చతురస్రం కోయిస్తే 0.70. పేస్ట్ టైప్ 4 తీసుకోండి, దాని రేణువులు 20 నుంచి 38 మైక్రాన్లు. కనెక్టర్లకు స్టెన్సిల్‌లో రంధ్రాన్ని ప్యాడ్ దాటి పొడిగించండి. కరిగినప్పుడు సోల్డర్ ప్యాడ్ మీదికే చేరుతుంది. స్టెన్సిల్‌ను బోర్డు నుంచి మెల్లగా, సమంగా ఎత్తండి, లాగేయకండి.

ప్రశ్న: ప్రింట్ పక్కకు పోయిన బోర్డులను గుడ్డతో తుడిచి మళ్లీ వాడుతున్నాం. వాటిలోనే సోల్డర్ గుండ్లు ఎక్కువ వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తుడిస్తే రేణువులు వయా రంధ్రాల్లోకి (బోర్డు పొరలను కలిపే సన్నటి రంధ్రాలు), మాస్క్ (బోర్డు మీది రక్షణ పూత) అంచుల్లోకి దూరతాయి. ముందు ప్లాస్టిక్ గరిటెతో పేస్ట్ తీసేయండి. తర్వాత ఐపీఏలో మెత్తటి బ్రష్‌తో కడగండి, అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో కడిగే తొట్టి) ఉంటే ఇంకా మేలు. చివర గాలితో ఊది, వయాలను భూతద్దంలో చూడండి. బోరు నీళ్లు వద్దే వద్దు, ఆ లవణాలు బోర్డు మీదే ఉండిపోతాయి. రెండో వైపు పార్టులు అప్పటికే బిగించి ఉంటే అల్ట్రాసోనిక్ పెట్టకండి.

ప్రశ్న: ఫ్రిజ్‌లోంచి తీసిన పేస్ట్ ఎంతసేపటికి వాడొచ్చు?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: మూత తీయకుండా గది వేడికి నాలుగు గంటలు. ముందే తెరిస్తే చల్లటి పేస్ట్ మీద గాలిలోని తేమ నీరై చేరుతుంది. ఎండలో పెట్టడం, హీట్ గన్ ఊదడం కుదరదు. తెరిచాక గరిటెతో ఒకటి రెండు నిమిషాలు ఒకే దిక్కుగా కలపండి. స్టెన్సిల్ మీద మిగిలింది కొత్త డబ్బాలో కలపకుండా వేరే డబ్బాలో పెట్టి తేదీ రాయండి.