రోమన్ శిల్పాల చదువుకు ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: ఒంగోలులో ప్రైవేటు ఉద్యోగిని. రెండేళ్లలో రిటైర్ అవుతాను. పీఎఫ్ 45 లక్షలు, సొంతిల్లు ఉన్నాయి. చరిత్రలో ఎంఏ చేసిన మా అమ్మాయి పురాతన రోమన్ శిల్పకళపై పరిశోధన చేసి ప్రొఫెసర్ కావాలంటోంది. ముందు లండన్‌లో మాస్టర్స్‌కు 40 లక్షలు అవుతుందట. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. చదువు వద్దనడం లేదు, ఆ లోన్ వద్దంటున్నాను. 40 లక్షలకు 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు 55,000. అది మొదలయ్యేనాటికి అమ్మాయి పీహెచ్‌డీ స్టైపెండ్ మీద ఉంటుంది. అంటే కట్టేది మీరే, జీతం ఆగిపోయాక. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉందిగా అంటారేమో. అది పాత పన్ను విధానంలోనే, అదీ ఇక్కడ పన్ను కట్టేంత ఆదాయం ఉంటేనే.

ఈ రంగంలో పీహెచ్‌డీకి సొంత డబ్బు పెట్టకూడదు. అమెరికాలో పెద్ద యూనివర్సిటీలు ఆర్ట్ హిస్టరీ పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. సీట్లు తక్కువ, పోటీ విపరీతం. అయినా ఎంఏ ఉంది కాబట్టి నేరుగా ప్రయత్నించవచ్చు.

ఖర్చు పరంగా నా ఓటు జర్మనీకే. అక్కడ రోమన్ శిల్పాలను ఎక్కువగా క్లాసికల్ ఆర్కియాలజీ (ప్రాచీన గ్రీకు, రోమన్ పురావస్తు శాస్త్రం) శాఖలో చదువుతారు, కాబట్టి ఆ పేరుతో వెతకమనండి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం లాంటి కొన్నిచోట్ల తప్ప ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు దాదాపు లేదు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. యూరో వంద రూపాయల లెక్కన 12 లక్షలు. ఇది పోయే డబ్బు కాదు, నెలకు 992 యూరోల చొప్పున తన ఖర్చులకే వస్తుంది. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు కూడా.

చిక్కు భాషతోనే. అక్కడ ఈ కోర్సులు చాలావరకు జర్మన్‌లో ఉంటాయి, చాలాచోట్ల లాటిన్ అడుగుతారు. అమెరికా వెళ్లినా జర్మన్ తప్పదు. ఈ శిల్పాల మీద ముఖ్యమైన పరిశోధన చాలావరకు ఆ భాషలోనే ఉంది.

ఉద్యోగం సంగతీ అమ్మాయితో మాట్లాడండి. జర్మన్ చట్టం ప్రకారం యూనివర్సిటీల్లో పరిశోధకులకిచ్చే టెంపరరీ కాంట్రాక్టులు పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లే. ఆలోపు పర్మనెంట్ పోస్టు దొరక్క మ్యూజియంల వైపు వెళ్లేవాళ్లూ ఉన్నారు. మీ పీఎఫ్‌ను అందుకే ముట్టుకోవద్దంటున్నాను.

ఈ ఏడాది తను హైదరాబాద్ గోథే-జెంట్రమ్‌లో జర్మన్ మొదలుపెట్టాలి. మీరు నెలకు 30,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రిటైరయ్యేలోపు 7 లక్షలు దాటుతుంది. మిగతా 5 లక్షలకు అమ్మాయి పేరున చిన్న ఎడ్యుకేషన్ లోన్ చాలు, ఇల్లు తాకట్టు అక్కర్లేదు.