పాత క్యానన్ 1100డి ఎర్రర్ 01 చూపిస్తే కెమెరా బాడీ పోయినట్టు కాదు, ముందు లెన్స్ చూడండి

"2012లో కొన్న క్యానన్ 1100డి, దానితో వచ్చిన 18-55 లెన్స్. బటన్ నొక్కితే ఎర్రర్ 01 వస్తోంది. నల్లగొండలో ఒక షాపులో చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నారు. బాగు చేయించాలా, కొనాలా?" అని ఒకరు అడిగారు.

బోర్డు పోయిందన్న మాట ఇప్పుడే నమ్మకండి. ఎర్రర్ 01 అంటే బాడీకీ లెన్స్‌కూ మధ్య సంబంధం తెగుతున్నదని. స్క్రీన్ మీద లెన్స్ కాంటాక్టులు తుడవమని కూడా రాసి వస్తది. షట్టరో (ఫోటో కొట్టినప్పుడు తెరుచుకొని మూసుకొనే రేకులు), లోపలి అద్దమో పట్టేస్తే 20, 30 లాంటి నంబర్లు వస్తయి. కార్డు గోల అయితే 02. నంబరు అంత స్పష్టంగా లెన్స్ వైపు చూపిస్తుంటే బోర్డు అని చెప్పేటోళ్ల మీద నాకు కోపం. కెమెరాను కిందామీదా తిప్పి చూసి చెప్పే మాట అది. బాగు చేయించాలా, కొనాలా అన్నది ఏ భాగం చచ్చిందో తెలిశాక అడగాల్సిన ప్రశ్న.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బ్యాటరీ నిండా చార్జ్ చేయండి. దుమ్ము లోపల పడకుండా ఫ్యాన్ ఆపండి. లెన్స్ తీసి, బాడీ మూతి నేలవైపు ఉంచి, డయల్ ఎం (అన్నీ మనమే పెట్టుకొనే మోడ్) మీద పెట్టి బటన్ నొక్కండి. క్యానన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) లెన్స్ లేకున్నా కొడతది, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) అంకె దగ్గర 00 చూపిస్తది. పది పదిహేను సార్లు ఏ ఎర్రరూ లేకుండా కొట్టిందా, షట్టరూ అద్దమూ బాగున్నట్టే. తర్వాత లెన్స్ వెనుక ఉన్న బంగారు రంగు చుక్కలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడవండి. బాడీ వైపు పిన్నులు స్ప్రింగుల మీద ఉంటయి కాబట్టి గట్టిగా నొక్కొద్దు. పెన్సిల్ రబ్బరు అసలే వద్దు. పూత అరుగుతది, రబ్బరు పొడి లోపల అద్దం మీద పడతది.

తుడిచినా అదే ఎర్రర్ వస్తే అసలు పరీక్ష ఇది. లెన్స్ బిగించి జూమ్ 18 దగ్గర పెట్టండి. డయల్ ఏవీ (ఎపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకొనే మోడ్) మీద పెట్టి, ఎపర్చర్ 3.5కు, అంటే ఎఫ్ 3.5కు, తెచ్చి ఫోటో కొట్టండి. తర్వాత అదే జాగాలో 8కి మార్చి కొట్టండి. 3.5 దగ్గర ఫోటో వచ్చి, 8 దగ్గర ఎర్రర్ 01 వస్తే రోగం దొరికింది. 3.5 దగ్గర ఎపర్చర్ రేకులు కదలాల్సిన పని లేదు, పూర్తిగా తెరుచుకొనే ఉంటయి. 8 అనంగనే అవి ముడుచుకోవాలి. వాటిని నడిపే చిన్న మోటార్‌కు కరెంటు తెచ్చేది కాగితంలా పలుచని ఫ్లెక్స్ కేబుల్. జూమ్ తిప్పిన ప్రతిసారీ అది ఒకే చోట మడత పడి లేస్తది. ఏళ్లు గడిచాక ఆ మడత దగ్గర లోపలి రాగి గీత చిట్లుతది. అందుకే కొన్నిసార్లు 18 దగ్గర బాగానే కొట్టి 55 దగ్గర ఆగిపోతది, లేదంటే 55 దగ్గర కొట్టి 18 దగ్గర ఆగిపోతది. 24, 35 దగ్గర కూడా ఎఫ్ 8 పెట్టి చూస్తే తెగిన చోటు ఏ జూమ్‌లో విడిపోతున్నదో మీకే తెలుస్తది. వీలైతే తెలిసినోళ్ల దగ్గర ఇంకో క్యానన్ లెన్స్ అడిగి మీ బాడీకి పెట్టి చూడండి. అది ఎఫ్ 8లో కొడితే ఇగ అనుమానం లేదు.

ఆ కేబుల్ ధర పెద్దదేం కాదు, పనే పెద్దది. లెన్స్ మొత్తం విప్పాలి, సన్నని టంకం పని చేయాలి, గాజులు తిరిగి సూటిగా కూర్చోబెట్టాలి. కొంచెం ఒరిగినా ఫోటో ఒక అంచు మసకబారుతది. అందుకని 18-55కి రిపేరు వద్దు, సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 18-55 తీసుకోండి. ప్రతి కెమెరాతో వచ్చిన లెన్స్ కాబట్టి ఎక్కడైనా దొరుకుతది. ఇదే రోగం 17-85కీ, 18-135కూ వస్తది. అవి ఖరీదైనవి, అక్కడ కేబుల్ మార్పించడం న్యాయమే.

కొనేదాకా పని ఆపాల్సిన అవసరం కూడా లేదు. ఏవీలో ఎప్పుడూ అన్నిటికంటే చిన్న అంకె మీదనే ఉంచి కొట్టండి, 18 దగ్గర 3.5, 55 దగ్గర 5.6. మన మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100 పెడితే 18 దగ్గర షట్టర్ 1/2000 సెకను దగ్గర తేలుతది. 1100డి 1/4000 దాకా పోతది. ఎండలో కెమెరాలోని ఫ్లాష్ మాత్రం కుదరదు, దానితో షట్టర్ హద్దు 1/200.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జూమ్ గొట్టం బయటికి వచ్చిన ప్రతిసారీ లెన్స్ గాలి పీలుస్తది, గాలితో పాటు పొడి కూడా. ఇప్పుడు ప్రతి పెళ్లిలో హల్దీ పేరిట పసుపు ఎగజల్లుతున్నరు. అది గొట్టం సందుల్లో గ్రీజుకు అంటి ముద్ద కడతది, ఫోకస్ కిర్రుమంటది. చెర్వుగట్టు జాతర దుమ్మూ అంతే. ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు చాలు, అయినా ఎవరూ వేయరు.

ఇంకో ఫిర్యాదు కార్డుల మీద. పాత కెమెరా కార్డు చదువుతలేదు అంటే వెంటనే స్లాట్ పోయింది అంటరు. ఎస్‌డీ కార్డు 2 జీబీ దాకా ఒక రకం, 4 నుంచి 32 దాకా ఎస్‌డీహెచ్‌సీ, 64 నుంచి ఎస్‌డీఎక్స్‌సీ. 2008లో వచ్చిన నికాన్ డి90 లాంటివి ఎస్‌డీహెచ్‌సీ కోసం చేసినవి. సెల్ షాపులో 64 జీబీ కార్డు కొని అందులో పెడితే ఆ తప్పు కెమెరాది కాదు.

కొత్తది కొనడమే మేలైన సందర్భాలు కూడా ఉన్నయి. నీళ్లు పోయిన బాడీ మొదటిది. అందులోనూ మన బోరు నీళ్లల్లో లవణాలు ఎక్కువ. ఆరాక బోర్డు మీద తెల్లగా పేరుకొని చిప్పుల కాళ్లను తినేస్తయి. బియ్యంలో పెడితే తేమ పోవచ్చేమో, ఆ ఉప్పు పోదు. ఫోటో పట్టే సెన్సర్ పోయినా వదిలేయండి. లెన్స్ బయటికి వచ్చి ఇరుక్కున్న చిన్న కెమెరాలు కూడా ఎక్కువగా అంతే. వాటిని సెల్ రిపేరు చేసేటోళ్లకు అసలే ఇవ్వకండి. లోపల ఫ్లాష్ కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలువ ఉంటది, బ్యాటరీ తీసినా కొట్టుద్ది.

షట్టర్ పోతేనే లెక్క వేయాలి. తెల్లగోడను 1/1000, 1/4000 మీద కొడితే పైనో కిందనో నల్లపట్టీ వస్తే షట్టర్ రేకు పోయినట్టు. విడిభాగం, కూలీ కలిపి అదే మోడల్ సెకండ్ హ్యాండ్ బాడీ ధరలో సగం దాటితే రిపేరు వద్దు. బాడీ మార్చాల్సి వస్తే 1200డి, 1300డి, 1500డిలలో ఒకటి చూడండి. మీ ఎల్‌పీ-ఈ10 బ్యాటరీ, చార్జర్, లెన్సులు అన్నీ నేరుగా పనికొస్తయి. క్యానన్ కొత్త ఆర్ఎఫ్ మిర్రర్‌లెస్‌కు (లోపల అద్దం లేని కెమెరా) పోతే పాత లెన్సులకు అడాప్టర్ కొనాలి. ఐదు వేల ఫోటోలే కొట్టినం అని అమ్మేటోళ్లు ఫైల్ నంబరు చూపిస్తే నమ్మొద్దు. అది 9999 తర్వాత మళ్లీ 0001కి వస్తది. బదులుగా ఎఫ్ 16లో ఆకాశం కొట్టి మచ్చలు చూడండి, మబ్బులు కదిలినట్టు కదలక ప్రతి ఫోటోలో ఒకే చోట ఉంటే సెన్సర్ మీద దుమ్ము. అది శుభ్రం చేస్తే పోతది, బేరానికి పనికొస్తది.

హైదరాబాద్ కోఠి దాకా పోయి రిపేరుకు ఇచ్చేటట్టయితే కార్డు, బెల్టు ఇంట్లోనే ఉంచండి. బ్యాటరీ షాపు ముందర పరీక్షకు వాడుకొని వెనక్కి తెచ్చుకోండి. బాడీ కింద ఉన్న సీరియల్ నంబరు, లెన్స్ నంబరు రెండూ రసీదు మీద రాయించండి. "3.5లో కొడుతుంది, 8లో ఎర్రర్ 01" అని మీరే ఆ కాగితం మీద రాసి ఇవ్వండి, మార్చిన పాత భాగం తిరిగి కావాలని కూడా.