ప్లాంటు మూతపడుతోంది, సంతకం ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: చెన్నై దగ్గర కార్ల ప్లాంటులో 11 ఏళ్ల 7 నెలలుగా పర్మినెంటు ఆపరేటర్ని. ప్లాంటు మూసేస్తున్నామని, స్వచ్ఛందంగా వెళ్తున్నట్టు రాసిస్తే ప్యాకేజీ ఇస్తామని అంటున్నారు. అసలు చట్టప్రకారం నాకెంత రావాలండి?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: చట్టం ఇచ్చే కనీస మొత్తం ముందు లెక్కగట్టుకోండి. ప్యాకేజీ బరువు అప్పుడు తెలుస్తుంది. బేసిక్, డీఏ కలిపి నెలకు 26,000 అనుకుందాం. ఆరు నెలలు దాటిన ముక్కను ఏడాదిగా తీసుకుంటారు కనుక మీ సర్వీసు 12 ఏళ్లు. గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తానికి, నెలంటే 26 రోజులు. రోజుకు వెయ్యి, ఏడాదికి 15 రోజులు, మొత్తం 1,80,000. మూసివేత పరిహారం కూడా ఏడాదికి 15 రోజుల వేతనమే, కానీ ఇక్కడ నెలంటే 30 రోజులు. అంటే ఏడాదికి 13,000 చొప్పున 1,56,000. ఈ రెండూ వేరువేరు హక్కులు. ‘గ్రాట్యుటీ ప్యాకేజీలోనే ఉంది’ అన్న వాక్యం కనబడితే పెన్ను మూసేయండి. మిగిలిన సెలవుల డబ్బు, బోనస్ వీటికి అదనం.

బేసిక్ మరీ తక్కువ చూపించే కంపెనీలున్నాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం లెక్కలోకి తీసుకునే వేతనం మొత్తం జీతంలో సగానికి తగ్గకూడదు.

ఇది కనీసం మాత్రమే. చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో మూతపడిన ఫోర్డు కార్ల ప్లాంటు కార్మికులు 2022లో సమ్మె చేసి, బేరమాడి, ఏడాది సర్వీసుకు సగటున 130 రోజుల స్థూల వేతనం దాకా తెచ్చుకున్నారు. ఒక్కొక్కరూ విడివిడిగా సంతకాలు పెట్టి ఉంటే అది జరిగేది కాదు.

‘స్వచ్ఛందంగా’ అని రాసిస్తే అది రాజీనామా. మూసివేత పరిహారం అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. కాబట్టి గ్రాట్యుటీ, పరిహారం, సెలవులు విడివిడిగా, చెల్లించే తేదీతో సహా రాసి ఉంటేనే సంతకం పెట్టండి. 300 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న ఫ్యాక్టరీ అయితే 90 రోజుల ముందే ప్రభుత్వ అనుమతి కోరాలి. ఆ దరఖాస్తు నకలు యూనియన్ దగ్గర ఉందేమో అడగండి. ‘మూసివేత’ అనకుండా ‘పని నిలుపుదల’ అని నోటీసు అంటిస్తే ఇంకా జాగ్రత్త, ఇది మూసివేతే కాదని వాదించొచ్చు. 2014 మేలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా అంబాసిడర్ కార్ల ఫ్యాక్టరీ గేటుకు అంటించింది అలాంటిదే.

ప్రశ్న: నాది ఎనిమిదేళ్ల సర్వీసు. పీఎఫ్ అంతా తీసి రొయ్యల చెరువు లీజుకు తీసుకుందామని మా బావమరిది అంటున్నాడు.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పీఎఫ్ ఖాతాలో రెండు కుండలున్నాయి: ఒకటి పొదుపు, ఒకటి పెన్షన్. పొదుపు డబ్బు అవసరమైతే తీసుకోండి గానీ పెన్షన్ డబ్బు ముట్టుకోవద్దు. పదేళ్లు నిండితే జీవితాంతం పెన్షన్. ఎనిమిదేళ్లకే తీసేస్తే ఆ ఎనిమిదేళ్లూ సున్నా. బదులుగా స్కీము సర్టిఫికెట్ (ఆ ఎనిమిదేళ్లూ పెన్షన్ లెక్కలో నిలిపే పత్రం) తీసుకుంటే రేపు ఏ రైస్‌మిల్లులోనో పీఎఫ్‌తో రెండేళ్లు చేసినా పది నిండుతాయి.

మనవాళ్లకు ఎక్కువగా అడ్డుపడేది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, తమిళనాడు కంపెనీ రికార్డులో ఒట్టి ఇనీషియల్ ఉంటుంది. క్లెయిము తిరగ్గొడతారు. దిద్దడానికి యజమాని ఆమోదం కావలసి రావచ్చు కనుక హెచ్ఆర్ ఆఫీసులో మనుషులుండగానే చేయించుకోండి. ఇక చెరువు సంగతి: వైట్‌స్పాట్ తెగులు వస్తే పంట మొత్తం పోతుంది. పరిహారం డబ్బుతో ఆ జూదం మేం చెప్పం.

ప్రశ్న: కాంట్రాక్టు మీద చేసిన మా అబ్బాయి ఇంటికొచ్చేశాడు. కోనసీమలో వాడికేం పని దొరుకుతుంది?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (కార్మికుల బీమా) కట్టి ఉంటే ముందు ఈఎస్ఐ ఆఫీసుకు పంపండమ్మా. ప్లాంటు మూతపడి పని పోయినవారికి, రెండేళ్లు చందా కట్టి ఉంటే, మొదటి ఏడాది వేతనంలో సగం, రెండో ఏడాది పావు వంతు భృతిగా ఇచ్చే పథకం ఉంది. పేరు రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. చాలామంది అడగరు.

పని విషయం ఉన్నమాట చెప్పాలి. లైనులో ఒకే బోల్టు బిగించిన అనుభవానికి ఇక్కడ గిరాకీ లేదు. మెయింటెనెన్సులో, ప్యానెల్ వైరింగులో చేసి ఉంటే చేతినిండా పనే. రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ (నీళ్లలోకి గాలి కలిపే యంత్రం) ఆగితే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతుంది. దాన్ని తిప్పే 2 హార్స్‌పవర్ మోటార్లు కాలడానికి పెద్ద కారణం మూడు ఫేజుల్లో ఒక ఫేజు పోవడం, లేదా ట్రిప్ అవుతోందని ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే పరికరాన్ని) పైకి తిప్పి వదిలేయడం. రిలే మోటారు పలక మీదున్న ఆంపియర్ల దగ్గరే ఉండాలి. గేర్‌బాక్సు ఆయిల్ పాలలా తెల్లబడిందంటే సీలు పోయి నీళ్లు దిగాయన్నమాట. ఇవి పట్టుకోగలిగితే సీజనంతా ఫోను మోగుతూనే ఉంటుంది.

ప్రశ్న: ఫోర్డు తిరిగొస్తోందట కదా, ఆగమంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ఇంజిన్ల తయారీకి, కార్లకు కాదు. అదీ 2029 నుంచి. ఆగొద్దు.