పక్క రోల్ నంబర్ అమ్మాయిని ఏం అడగాలి?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. విజయవాడ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో చేరి నెల దాటింది. క్లాసులో ఇంకా ఎవరితోనూ మాట కలవలేదు. వచ్చే గురువారం ఇంగ్లిష్ ల్యాబ్‌లో పక్క రోల్ నంబర్ వాళ్లను సరదాగా ఐదు నిమిషాలు ఇంటర్వ్యూ చేసి, క్లాసుకు పరిచయం చేయాలట. నాకు జంటగా వచ్చింది విజయవాడ అమ్మాయి. ఇంగ్లిష్ గలగలా మాట్లాడుతుంది. నా నోట ‘ఏటి’ అని వస్తే నవ్వుతారేమో! మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పనికి వెళ్తుంది. ఇంటి సంగతి అడిగితే ఏం చెప్పాలి? టెన్షన్‌తో రెండు రాత్రులుగా నిద్ర లేదు.

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను తల్లీ. నా యాస, నా ఇంగ్లిష్, మా ఇల్లు అని అంతా నీ గురించే బెంగపడ్డావు. నీ వంతు వచ్చినప్పుడు మాత్రం ఎక్కువ మాట్లాడాల్సింది ఆ అమ్మాయే. నువ్వు అడుగుతావు, వింటావు. ఆ భయం సగం ఇక్కడే దించేసుకో.

‘నీ హాబీలేంటి’ అని అడిగితే ‘పాటలు వినడం’ అంటుంది, అక్కడితో సరి. దానికి బదులు ‘దసరాకు మీ ఇంటికి ఎంతమంది చుట్టాలు దిగుతారు?’ అని అడుగు. అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్లతో విజయవాడ ఇళ్లు కిటకిటలాడతాయి కదా! పదిహేను మంది అందనుకో. వెంటనే కాగితం మీద రాసుకున్న తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోకు. ‘మరి నువ్వెక్కడ పడుకుంటావు?’ అను. ఇక చూడు, మేడ మీద చాప, పొద్దున్నే బాత్రూమ్ దగ్గర క్యూ, దుప్పటి లాక్కున్న పెద్దమ్మ కూతురు, అన్నీ బయటికొస్తాయి. రేపు క్లాసులో చెప్పడానికి నీకు కావాల్సింది కూడా ఇలాంటిదే. ఎదుటివాళ్లు చెప్పినదాన్ని పట్టుకుని మళ్లీ అడిగేవాళ్లు ఎక్కువ నచ్చుతారని హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించారు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లోనూ నేను చూసేది అదే.

ర్యాంకు, మార్కులు, నాన్నగారి జీతం అడగొద్దు. ఇంటిపేరు అసలే వద్దు. మన దగ్గర ఆ ప్రశ్న చివరికి ఎక్కడికి చేరుతుందో ఇద్దరికీ తెలుసు. మొదలుపెట్టే ముందే ‘చెప్పాలనిపించని ప్రశ్న వస్తే వదిలేద్దాం’ అని ఒక మాట అనుకోండి. అది నీకూ పనికొస్తుంది.

ఇక ‘ఏటి’ సంగతి. అది శ్రీకాకుళం మాట, తప్పు మాట కాదు. నువ్వే ముందు బయటపెట్టు. ‘మా వైపు పిల్లల్ని గుంటలంటాం, మీరేమంటారు?’ అని అడుగు. ఆమె నవ్వితే నువ్వూ నవ్వొచ్చు, ఎందుకంటే ఆ నవ్వు నువ్వు తెప్పించింది. ఇంగ్లిష్‌లో చెప్పాల్సిన నాలుగైదు వాక్యాలు మాత్రం ముందే రాసుకుని, గదిలో పైకి చదువుకో.

అమ్మ గురించి చెప్పి తీరాలని లేదు. కానీ దాచాలన్న బరువుతో క్లాసుకు వెళ్లకు. జీడి సొన అంటుకుంటే వేళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది. ఆ చేతులతోనే నిన్ను ఇంతదూరం పంపింది. ‘మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పనిచేస్తుంది’ అని మామూలుగా అనేసి ఆగిపో. అంతకు మించి సంజాయిషీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

ఇంకొకటి. మాట్లాడి వచ్చాక ‘నేను వాళ్లకు నచ్చలేదు’ అని మనసు చెబుతుంది. ఎరికా బూత్‌బీ, ఆమె తోటి పరిశోధకులు 2018లో సరిగ్గా దీన్నే చూశారు. కొత్తగా మాట్లాడుకున్నవాళ్లు తాము ఎదుటివారికి నచ్చినదానికన్నా తక్కువే నచ్చామని అనుకున్నారు. ఒకే హాస్టల్లో ఉంటున్న మొదటి ఏడాది విద్యార్థుల్లోనూ ఆ అపోహ నెలల తరబడి పోలేదు. కాబట్టి గురువారం రాత్రి నీ మనసు ఏం చెప్పినా వెంటనే నమ్మకు.

ఆ రోజు గడిచాక కూడా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా 14416కు ఫోన్ చెయ్యి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబర్. డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ఆమె వంతులో నీకూ ప్రశ్నలుంటాయి. టైమ్ అయిపోయి ఏదైనా మిగిలితే ‘క్యాంటీన్‌లో చెప్తాను, రా’ అని పిలువు.