రద్దయింది ఒక్క విమానం, లెక్కలో నాలుగు

ప్రశ్న: ఓర్వకల్లు నుంచి బెంగళూరు విమానం రద్దయిందని బయల్దేరే రోజు పొద్దున మెసేజ్ వచ్చింది. కారణం ‘ఆపరేషనల్’ అన్నారు. రూ.5,000 పరిహారం వస్తుందని పేపర్లో చదివాం. వస్తుందా? (ఆదోని)

జవాబు: రూ.5,000 గరిష్ఠ పరిమితి మాత్రమే, అదీ ప్రయాణ సమయాన్ని బట్టి మారుతుంది. టికెట్ మీద బయల్దేరే, చేరే సమయాల తేడా చూడండి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం అది గంట లోపైతే రూ.5,000, రెండు గంటల లోపైతే రూ.7,500, ఆపైన రూ.10,000. లేదా మీ మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తం. ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. చార్జీలు కలిపి రూ.2,300 అయితే మీకొచ్చేది రూ.2,300. వార్తల్లో ‘ఏది తక్కువైతే అది’ అన్న ముక్క తరచూ ఎగిరిపోతుంది. టికెట్ డబ్బు వాపసు ఇవ్వడం దీనికి అదనం.

24 గంటల ముందే చెప్పినా, వాతావరణం, భద్రత లాంటి, విమానయాన సంస్థ చేతిలో లేని కారణమైనా పరిహారం ఉండదు. అందుకే ‘ఆపరేషనల్’తో సరిపెట్టుకోవద్దు. అసలు కారణమేమిటో ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వందల్లో ఆగినప్పుడు తొలి ప్రకటనలో సాంకేతిక లోపాలు, వాతావరణం, రద్దీ, సిబ్బంది డ్యూటీ నిబంధనలు అన్నీ ఒకే వాక్యంలో కలిసి వచ్చాయి. అసలు సమస్య పైలట్ల కొరత. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగితే అందుకు తగ్గట్టు రోస్టర్ (డ్యూటీల పట్టిక) సిద్ధం కాలేదు. సంస్థ స్పందించకపోతే కేంద్ర పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: రద్దయిన విమానాలు ఎన్నంటే ఒకే రోజు పేపర్లో ఒక సంఖ్య, టీవీలో ఇంకో సంఖ్య. ఏది నమ్మాలి? (ప్రొద్దుటూరు)

జవాబు: ఎవరు లెక్కపెట్టారో చూడండి. హైదరాబాద్–కడప సర్వీసు ఆగితే హైదరాబాద్ జాబితాలో అది బయల్దేరనిది, కడప జాబితాలో రానిది. అదే విమానం తిరిగి వెళ్లాలి కాబట్టి ఆ సర్వీసూ పోతుంది. అదీ రెండుచోట్లా నమోదవుతుంది. విమానాశ్రయాల అంకెలు కూడితే నాలుగు, విమానయాన సంస్థ లెక్కలో రెండు. ఇక పొద్దున 10 గంటల అంకె రాత్రికి నిలవదు. నెల మొత్తానికి రద్దుల శాతం, కారణాలవారీ వాటా డీజీసీఏ నెలవారీ నివేదికలో దొరుకుతాయి.

ప్రశ్న: విమానం ఎక్కడానికి అనంతపురం నుంచి దేవనహళ్లి (బెంగళూరు విమానాశ్రయం) వెళ్తాం. రద్దయితే ముందే తెలుసుకునేదెట్లా? (అనంతపురం)

జవాబు: బస్సెక్కేముందు సంస్థ వెబ్‌సైట్లో ఫ్లైట్ నంబరు కొట్టి చూడండి. టికెట్లో ఏజెంటు ఫోన్ నంబరు కాక మీదే ఇవ్వండి. సంప్రదించే వివరాలు సరిగా ఇవ్వకపోతే పరిహారమూ అడగలేరు.