మొక్కకంటే పంపు మీద పట్టు ముఖ్యం

గుంటూరులో బి.ఫార్మసీ చివరి ఏడాది చదువుతున్న అమ్మాయి ప్రశ్న: "పసుపులోని కర్క్యుమిన్ క్యాన్సర్ కణాల్లో కీమో మందు బాగా పనిచేసేలా చేస్తుందని చదివాను. దీని మీదే పీహెచ్‌డీ చేయాలనుంది. ఫార్మకాగ్నసీ మంచిదా, ఫార్మకాలజీనా? ఉద్యోగాలుంటాయా? మా పెద్దమ్మకు కీమో జరుగుతోంది, కర్క్యుమిన్ క్యాప్సూల్స్ ఇవ్వొచ్చా?"

మొక్కల్లోని మందుల్ని చదివే ఫార్మకాగ్నసీ కాదు, మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చదివే ఫార్మకాలజీ తీసుకోండమ్మా. కణంలోంచి మందుల్ని బయటికి తోసేసే పి-గ్లైకోప్రొటీన్ అనే పంపు సంగతి 1976లో జులియానో, లింగ్ బయటపెట్టారు. డాక్సోరుబిసిన్ గానీ, మన బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ గానీ, ఇలాంటి కీమో మందు క్యాన్సర్ కణంలోకి వచ్చింది వచ్చినట్టే ఇది గెంటేస్తుంది. కర్క్యుమిన్, మిరియాల్లోని పైపరిన్ ల్యాబ్‌లో దాన్ని అడ్డుకుంటాయి, నిజమే. కానీ కర్క్యుమిన్ మింగితే రక్తంలోకి చేరేది బహు తక్కువ. పైగా ఈ పంపు పేగుల్లో, కిడ్నీల్లో, మెదడు రక్తనాళాల్లో కూడా ఉంది, అక్కడా ఆపితే కీమో మందు విషమై కూర్చుంటుంది. ఈ పంపును ఆపడానికే తయారుచేసిన వాల్‌స్పొడార్, టారిక్విడార్ లాంటి గట్టి మందులే రోగుల మీద చేసిన ట్రయల్స్‌లో నిలబడలేదు. అందుకే పసుపును నమ్ముకుని కెరీర్ కట్టుకోవద్దంటాను.

పంపును కొలవడం నేర్చుకుంటే మాత్రం ఉద్యోగాలున్నాయి. కొత్త మందు ఏదైనా సరే పి-గ్లైకోప్రొటీన్‌తో ఎలా ప్రవర్తిస్తుందో పరీక్షించి చూపమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడుగుతుంది, ఆ పరీక్షలు చేసే డీఎంపీకే విభాగాలు (మందు ఒంట్లో ఎలా చేరి, మారి, బయటికి పోతుందో చూసేవి) హైదరాబాద్ చుట్టుపక్కల కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీల్లోనూ ఉన్నాయి. ఇంటర్వ్యూలో డిగ్రీ పేరుకన్నా చేసిన పని గురించే గుచ్చి గుచ్చి అడుగుతారు. ఉదాహరణకి పంపు బయటికి తోసే రోడమిన్-123 అనే రంగుతో చేసే పరీక్షే తీసుకోండి: పంపు ఆగితే రంగు కణంలోనే ఉండిపోయి, కణాల వెలుగును కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో పచ్చగా వెలుగుతుంది. తీరా చూస్తే కర్క్యుమిన్ కూడా దానంతటదే వెలుగుతుంది! రంగు వేయకుండా, ఒక్క కర్క్యుమిన్ మాత్రమే ఇచ్చిన కణాల్ని పక్కన పెట్టి చూడకపోతే ఆ ఫలితాన్ని నమ్మలేం. మీ ప్రాజెక్టులో ఇది పెట్టారా?

ముందు పీజీ కోసం జాతీయ స్థాయి ఫార్మసీ పరీక్ష జీప్యాట్ రాయండి, ఆ మీద కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ నైపర్ ప్రవేశ పరీక్ష. హైదరాబాద్ బాలానగర్‌లోనే నైపర్ ఉంది. తర్వాత పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరే. గైడ్‌ని ఒప్పుకునే ముందు ఆ ల్యాబ్‌లో సెల్ కల్చర్ (కణాల్ని పెంచే పని), మందు ఎంతుందో కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం మీ చేతికి ఇస్తారో లేదో సీనియర్లను అడగండి, మొహమాటపడకండి.

పెద్దమ్మగారికి ఆ క్యాప్సూల్స్ మీ అంతట మీరు ఇవ్వకండి. చాలావాటిలో పైపరిన్ కలుపుతారు, అది కీమో మందు మోతాదును తారుమారు చేయొచ్చు. డబ్బా పట్టుకెళ్ళి ఆంకాలజిస్టుకే చూపించండి.