బల్బు తొందరగా మాడిపోవడం వెనక కుట్ర ఉందా? సగం ఉంది

ప్రశ్న: జనంలో బాగా నలిగిన కుట్ర సిద్ధాంతాల్లో, దగ్గరగా పరిశీలించినా నిలబడేవి ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి. చిన్నప్పుడు మా షాపు కౌంటరు దగ్గర రోజూ విని నేను నవ్వుకున్న మాటే ఒకటి, పెద్దయ్యాక చూస్తే సగానికి పైగా నిజమని తేలింది. మిగతా సగం గురించి కూడా చెప్పాలి, అసలు మజా అక్కడే ఉంది.

మా నాన్నకు తణుకులో చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉండేది. కౌంటరు మీద ఒక చెక్కముక్కకు హోల్డరు బిగించి ఉండేది. ఏ బల్బు అమ్మినా ముందు అందులో పెట్టి వెలిగించి చూపించాకే అట్టపెట్టెలో సర్ది ఇచ్చేవారు. అలా చూపించకపోతే సాయంత్రానికల్లా "ఇది మొదట్నుంచీ వెలగలేదండీ" అంటూ వెనక్కి తెచ్చేవాళ్ళు. తెచ్చిన బల్బును నాన్న చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపేవారు. లోపల తెగిన తీగ సన్నగా గలగలమంటే ఇంక బేరం లేదు. అరవై క్యాండిళ్ళ బల్బు, అంటే అరవై వాట్లది, అప్పట్లో పది రూపాయలు.

రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన రోజూ సాయంత్రం పేపరు చదవడానికి షాపుకు వచ్చేవారు. ఆయన ఇంట్లో నెలా నెలన్నరకు ఒక బల్బు మాడేది. కొత్తది కొన్న ప్రతిసారీ అదే మాట. "ఏమోయ్, మీ కంపెనీలవాళ్ళు జీవితాంతం వెలిగే బల్బు చేయగలరు. చేయరు. చేస్తే నువ్వు కొట్టు మూసుకోవాలి." నాన్న సమాధానం కూడా ఎప్పుడూ ఒకటే. "అది కంపెనీ తప్పు కాదు మాస్టారూ. మీ ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉంది."

నాన్న చెప్పింది నిజం. ఆ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆనుకుని ఉన్న ఇళ్ళకు రాత్రి పదింటి తర్వాత 250, 260 వోల్టులు వచ్చేది. అదే లైను కొసన, చేల వైపు ఉన్న ఇళ్ళకు సాయంత్రం 180 వస్తే గొప్ప. అక్కడ బల్బు వెలుగుతోందంటే తీగ ఎర్రగా కనిపిస్తోందని అర్థం, చదువుకోవడానికి పనికిరాదు. కానీ ఆ బల్బులు ఏళ్ళ తరబడి మాడేవి కావు. కొసనున్నవాళ్ళు మనకు కస్టమర్లే కారు అని నాన్న నవ్వేవారు.

తర్వాత నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. మాస్టారి మాటను చాదస్తం కింద కొట్టిపారేయడానికి నాకు కావలసిన సైన్సంతా అక్కడ దొరికింది. బల్బులో ఉండేది టంగ్‌స్టన్ తీగ. అది దాదాపు 2,500 డిగ్రీల వేడిలో వెలుగుతూ కొద్దికొద్దిగా ఆవిరైపోతుంటుంది. పాత బల్బు గాజు లోపలి వైపు నల్లబడేది ఆ ఆవిరితోనే. వేడి పెంచితే వెలుగు బాగా వస్తుంది, తీగ తొందరగా పోతుంది. వోల్టేజీ 5 శాతం తగ్గిస్తే బల్బు జీవితం దాదాపు రెట్టింపవుతుంది, వెలుగు మాత్రం ఆరోవంతు తగ్గుతుంది. 5 శాతం పెంచితే జీవితం ఇంచుమించు సగమే. మా వీధి కథ మొత్తం ఈ లెక్కలోనే ఉంది. కాబట్టి కుట్రా లేదు, గిట్రా లేదు అనుకుని ఊరుకున్నాను.

చాలా ఏళ్ళకు ఫీబస్ గురించి చదివాను.

1924 డిసెంబరులో జెనీవాలో ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీల ప్రతినిధులు ఒకచోట చేరారు. జర్మనీ నుంచి ఆస్రామ్, నెదర్లాండ్స్ నుంచి ఫిలిప్స్, హంగరీ నుంచి టంగ్స్‌రామ్, ఫ్రాన్స్, బ్రిటన్, జపాన్ కంపెనీలు. అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ నేరుగా సంతకం పెట్టకపోయినా తన విదేశీ అనుబంధ కంపెనీల ద్వారా ఇందులో ఉంది. ఏ దేశం మార్కెట్ ఎవరిది, ఎవరు ఎన్ని బల్బులు అమ్మాలి అన్నది పంచుకున్నారు. దానికి ఫీబస్ అని పేరు పెట్టారు. గ్రీకుల దేవుడు అపోలోకి అది ఇంకో పేరు. ఆ పంపకంతో పాటు ఇంకో పని కూడా చేశారు. మామూలు ఇంటి బల్బు 1,000 గంటలే వెలగాలని నిర్ణయించారు. అప్పటికి మార్కెట్లో 1,500, 2,000 గంటలు వెలిగే బల్బులు ఉన్నాయి.

ఇది ఎవరో ఊహించి చెప్పింది కాదు. మార్కస్ క్రాయెవ్‌స్కీ అనే జర్మన్ చరిత్రకారుడు బెర్లిన్‌లో ఆస్రామ్ పాత దస్త్రాలు తిరగేసి బయటపెట్టాడు. ప్రతి ఫ్యాక్టరీ తన బల్బుల్ని నమూనాగా స్విట్జర్లాండ్‌లోని ఒక ల్యాబ్‌కు పంపాలి. అక్కడ వాటిని వెలిగించి ఎన్ని గంటలకు మాడుతున్నాయో లెక్క పెడతారు. నిర్ణయించిన గంటలకు తేడా వస్తే స్విస్ ఫ్రాంకుల్లో జరిమానా. అంటే బల్బు మరీ ముందే మాడినా ఫైనే, ఎక్కువకాలం వెలిగినా ఫైనే! ఆ దస్త్రాల ప్రకారం 1926లో సగటున 1,800 గంటలు వెలిగిన బల్బు 1933-34కి 1,205 గంటలకు దిగింది.

నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటి ఉంది. ఈ దొంగల మధ్య మళ్ళీ దొంగతనం. కొన్ని కంపెనీలు తమ బల్బుల్ని ఊళ్ళో వచ్చే కరెంటు కంటే కాస్త ఎక్కువ వోల్టేజీకి తయారుచేసి అమ్మేవి. అప్పుడు బల్బు మీద వోల్టేజీ తగ్గినట్టే కదా, గుట్టుగా ఎక్కువకాలం వెలిగేది, కొన్నవాడు మళ్ళీ ఆ బ్రాండే అడిగేవాడు. ఇది పట్టుకున్న ఫిలిప్స్ అధిపతి ఆంటన్ ఫిలిప్స్, ఇంత కష్టపడి దీర్ఘకాలపు బల్బుల రొంపిలోంచి బయటపడ్డాం, మళ్ళీ అందులోకే దిగుతారా అని తోటి కంపెనీ పెద్దకు ఉత్తరంలో వాపోయాడు. మా వీధి కొసన ఉన్న ఇళ్ళ రహస్యం జెనీవా ఒప్పందాన్ని కూడా చీల్చిందన్నమాట.

1955 దాకా నడపాలనుకున్న ఆ ఒప్పందం రెండో ప్రపంచ యుద్ధం రావడంతో కూలిపోయింది. 1949లో అమెరికా కోర్టు జనరల్ ఎలక్ట్రిక్ గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది.

ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మనం ఇన్నాళ్ళూ తిన్నది వాళ్ళ పుణ్యమే" అన్నారు.

సరే, మాస్టారు గెలిచినట్టేనా? పూర్తిగా కాదు. ఆయన అసలు ఫిర్యాదు ఏమిటంటే, పొట్టి జీవితం పెట్టి మన జేబు కొట్టారని. ఇక్కడ పెన్నూ కాగితం తీసుకోండి. అరవై వాట్ల బల్బు వెయ్యి గంటలు వెలిగితే 60 యూనిట్లు కాలుతుంది. యూనిట్ మూడు రూపాయలు అనుకున్నా 180 రూపాయలు. బల్బు ఖరీదు పది. ఇప్పుడు రెండు వేల గంటలు వెలిగేలా చేశారనుకోండి, అంతే వెలుగు రావాలంటే సుమారు పదో వంతు కరెంటు ఎక్కువ తాగుతుంది. వెయ్యి గంటలకు 18 రూపాయలు అదనం. మిగిలింది సగం బల్బు ఖరీదు, ఐదు రూపాయలు! కరెంటు బిల్లు కట్టేవాడికి తక్కువకాలం వెలిగే బల్బే చవక. 1951లో బ్రిటన్ గుత్తాధిపత్య విచారణ సంఘం కూడా బల్బుల వ్యాపారాన్ని తవ్వి, అన్ని అవసరాలకూ సరిపడే ఒకే సరైన ఆయుష్షు అంటూ బల్బుకు ఉండదనీ, 1,000 గంటలు అడ్డగోలు లెక్కేమీ కాదనీ చెప్పింది.

కాలిఫోర్నియాలో లివర్‌మోర్ అనే ఊరి ఫైర్ స్టేషన్‌లో 1901 నుంచి వెలుగుతున్న బల్బు ఫొటో మీకు వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. పాతకాలంలో ఎంత బాగా చేసేవాళ్ళో చూడండి అంటూ. ఆ బల్బు నిజంగానే ఉంది, నిజంగానే వెలుగుతోంది. కాకపోతే అది వెలిగేది సుమారు 4 వాట్ల మీద, మన జీరో బల్బు కంటే తక్కువ. దాన్ని ఆర్పి వెలిగించే పని కూడా దాదాపు ఉండదు. మా లైను కొసన ఉన్న ఇంటి బల్బుకు అమెరికా చుట్టం అది. 2013లో ఒకరోజు అది ఆరిపోతే అంతా కంగారు పడ్డారు. తీరా చూస్తే పోయింది బల్బు కాదు, దానికి పెట్టిన యూపీఎస్.

కాబట్టి నా లెక్కలో కుట్ర జరిగింది, దాని వల్ల జరిగిందని జనం అనుకునే నష్టం మాత్రం సగం కూడా నిజం కాదు. వెయ్యి గంటలు మంచి లెక్కే అయితే ఆ సంగతి బాహాటంగా చెప్పి అమ్ముకోవచ్చుగా? గుట్టుగా ఫైన్లు వేసుకోవడం, మార్కెట్లు పంచుకోవడం, పోటీ లేకుండా ధరలు నిలబెట్టుకోవడం ఎందుకు? మన డబ్బులు పోయింది బల్బు ఆయుష్షులో కంటే ఎక్కువగా అక్కడే అని నా అనుమానం.

ఇలా నిలబడేవి ఇంకా ఉన్నాయి. ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల మోసం దీని తమ్ముడే. ల్యాబ్‌లో పరీక్ష జరుగుతోందని కారు కంప్యూటర్ పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగ శుభ్రంగా వదిలేది. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో ముగ్గురు పరిశోధకులు, అందులో ఇద్దరు మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే, కారు డిక్కీలో పరికరాలు పెట్టుకుని రోడ్డు మీద నడిపి కొలిస్తే తేడా బయటపడింది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. ఇక్కడా జెనీవా పోలికలే. చేసినవాళ్ళకు డబ్బు లాభం ఉంది, తెలిసినవాళ్ళు కొద్దిమంది, కొలిస్తే దొరికే తేడా ఉంది.

చంద్రుడి మీద మనిషి దిగలేదనే కథ ఇలా నిలబడదు. వేలమంది నోరు మూసుకోవాలి, తప్పు పట్టుకోవడానికి కాచుకుని ఉన్న సోవియట్ యూనియన్ కూడా మూసుకోవాలి. పైగా మన చంద్రయాన్-2 ఆర్బిటరే అపోలో 11 దిగిన చోటును ఫొటో తీసింది.

ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. మాస్టారి మాట మీద అంత శాస్త్రం మాట్లాడిన మా నాన్న, 2016 నవంబరులో రెండు వేల నోటులో చిప్ ఉందన్న మెసేజ్‌ను నమ్మేశారు. 120 మీటర్ల లోతులో పాతిపెట్టినా ఉపగ్రహం కనిపెడుతుందట. "దానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది నాన్నా?" అని అడిగాను. నలభై ఏళ్ళు వైరింగ్ సామాన్లు అమ్మిన మనిషి! నోటును ట్యూబ్‌లైట్ వైపు పెట్టి అటూ ఇటూ తిప్పి, "నిజమేరా" అని బీరువాలో పెట్టేశారు. రిజర్వ్ బ్యాంకు అప్పటికే అలాంటిదేమీ లేదని చెప్పింది. ఆ మాట కంటే మెసేజే ముందు మా ఇంటికి చేరింది, అంతే.

ఇప్పుడు అందరూ నన్ను అడిగే ప్రశ్న ఎల్ఈడీ బల్బు గురించి. పెట్టె మీద 25,000 గంటలు అని రాసి ఉంటుంది, రెండేళ్ళకే పోతుంది, ఇదీ కుట్రేనా అని. పోయినవాటి పైనుండే తెల్లటి డోమ్ ఊడదీసి చూడటం నాకో అలవాటు. చాలాసార్లు ప్లేటు మీద వరసగా ఉన్న పది పన్నెండు చిప్పుల్లో ఒక్కదాని మీద సన్నటి నల్లచుక్క ఉంటుంది. అవన్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని గుండా ఇంకోదానికి కరెంటు వెళ్ళేలా ఉంటాయి కాబట్టి ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి. లేకపోతే చిప్పులకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు మీద కెపాసిటర్ ఉబ్బి ఉంటుంది. రెండిటికీ కారణం వేడి. తక్కువ చిప్పులు పెట్టి, ఒక్కోదాని మీద కరెంటు ఎక్కువ తోసి వెలుగు రాబడతారు, ఖర్చు కలిసొస్తుంది. చిప్పులు ఎక్కువ పెట్టి మెల్లగా నడిపితే చాలాకాలం వస్తాయి. 2016లో ఫిలిప్స్ దుబాయ్ కోసం చేసిన బల్బు అలాంటిదే, మూడు వాట్లతో అరవై వాట్ల పాత బల్బంత వెలుగు. దాని ఖరీదు ఎక్కువ.

అంటే చేయడం చేతకాక కాదు. మనం షాపులో అన్నిటికంటే చవకది అడుగుతున్నాం, వాళ్ళు అదే చేస్తున్నారు. నేను చూసినంతవరకు దాన్ని కుట్ర అనలేను, కక్కుర్తి అంటాను. ఎవరైనా ఎల్ఈడీలకు కూడా జెనీవా ఫైన్ల లాంటి కాగితం చూపిస్తే నా జవాబు మార్చుకుంటాను.